గడప కన్నా రోడ్డు ఎత్తైతే

విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటాక ఔటర్ రింగ్ రోడ్డు అడ్డం వచ్చే చోటే పెద్ద అంబర్‌పేట్. 158 కిలోమీటర్ల ఔటర్, పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ కలుస్తాయి. భూమికి గిరాకీ రావడానికి ఇంతకన్నా ఏం కావాలి? చుట్టూ ఉన్న చేలు చూస్తుండగానే వెంచర్లయ్యాయి. ఊరి హోదా కూడా మారుతూ వచ్చింది. గ్రామ పంచాయతీగా ఉన్నది కుంట్లూరు, పసుమాముల, తట్టిఅన్నారం లాంటి పక్క ఊళ్ళతో కలిసి నగర పంచాయతీ అయింది, ఆ తర్వాత మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో ఔటర్ చుట్టుపక్కల ఉన్న మరో 26 పురపాలికలతో పాటు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది.

ఇంత విలువైన నేల మధ్యలో పాత ఊరు ఎందుకు పాడుబడుతుంది? ఇది ఒక్క అంబర్‌పేట్ ప్రశ్న కాదు. ఔటర్ పొడవునా ఏ ఊళ్ళో ఆగినా ఇదే తీరు. వెంచర్లో 40 అడుగుల రోడ్డు, వీధి దీపాలు, గేటు. కొంచెం లోపలికి వెళ్తే అసలు ఊరు. తాళం పడిన పెంకుటిల్లు, సగం కూలిన దొడ్డిగోడ, పొంగుతున్న మోరీ. పట్టణ ప్రణాళిక చదువుకున్నవాళ్ళు దీన్ని బస్తీ క్షీణత అంటారు. దీనికి పేదరికమే కారణమని చాలామంది అనుకుంటారు. పేదవాడలైనా కళకళలాడుతూ బతికే చోట్లు ఎన్నో ఉన్నాయి. క్షీణతకు మూలం వేరే. ఇంటి మీద పెట్టిన రూపాయి తిరిగి రాదని యజమానికి అనిపించిన రోజునుంచే వాడ కుంగడం మొదలవుతుంది.

ఆ లెక్క ఎలా నడుస్తుందో చూడండి. తాత కట్టిన ఇంట్లో నలుగురు అన్నదమ్ములకు వాటా ఉంటుంది. పొలం అమ్ముడుపోయింది, ఒకరు వెంచర్లో ఇల్లు కట్టుకున్నారు, ఇంకొకరు వనస్థలిపురంలో ఫ్లాటు తీసుకున్నారు. పాత ఇల్లు పంచుకోవడానికి చిన్నది, అమ్ముకోవడానికి నలుగురి సంతకాలు కావాలి. తాళం వేస్తారు, లేదా ఒక్కో గది ఒక్కో కూలీ కుటుంబానికి కిరాయికిస్తారు. వచ్చే కిరాయి తక్కువ కాబట్టి మరమ్మతు చేయించరు. మరమ్మతు లేని ఇంటి పక్కవాడు కూడా తన గోడకు సున్నం వేయడం మానేస్తాడు. మోరీ తీయించమని అడిగే పెద్దమనుషులు ఊరు దాటి పోయాక అడిగేవాళ్ళు ఉండరు. ఈ గొలుసులో ఎవరి తప్పూ లేదు. ఎవరికి వారు తమకు తోచిన మంచి పనే చేశారు. అన్నీ కలిసి వాడను ముంచాయి.

దీనికి కాగితం సమస్య తోడవుతుంది. ఊరి నివాస స్థలాన్ని రెవెన్యూ రికార్డు గ్రామకంఠం అంటుంది. సాగు భూమికి సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు ఉంటాయి. గ్రామకంఠంలో మాత్రం ఏ ఇల్లు ఎవరిదో విడివిడిగా కొలిచి రాయలేదు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, అనుభవం, ఇవే ఆధారం. ఊరందరికీ తెలిసిన హక్కు బ్యాంకు మేనేజరుకు హక్కులా కనబడదు, తాకట్టుకు పనికిరాదు. వెంచర్లో 150 గజాల ప్లాటు కొన్నవాడికి ఇంటి రుణం దొరుకుతుంది. ఆ నేలను మూడు తరాలు దున్నిన కుటుంబానికి సొంత ఇంటి మీద దొరకదు. ఈ లోటు పూడ్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్‌లో స్వామిత్వ పథకం పెట్టి డ్రోన్లతో పల్లెల్లోని ఇళ్ళను కొలవడం మొదలుపెట్టింది. అది పల్లెలకు ఉద్దేశించిన పథకం. మున్సిపాలిటీ అయిన ఊరు పల్లె కింద లెక్కకు రాదు. పట్టణాల కోసం 2025 ఫిబ్రవరిలో నక్షా అనే కార్యక్రమం దేశంలో కొన్ని ఎంపిక చేసిన పట్టణాలతో ప్రయోగాత్మకంగా మొదలైంది.

కాగితం ఉన్నా కట్టుకోవడానికి దారి కావాలి. హైదరాబాద్ ప్రాంతానిది ఈ విషయంలో ప్రత్యేకమైన పద్ధతి. చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలని పరిమితి ఉంటుంది. దాన్ని ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. 2006లో ఇక్కడ ఆ పరిమితి ఎత్తేశారు. ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పు, స్థలం ఎంత, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నవే ఎన్ని అంతస్తులో నిర్ణయిస్తాయి. 2012 నాటి 168వ నంబరు జీవోలోనూ ఇదే సూత్రం. 18 మీటర్లకు మించిన భవనానికి కనీసం 40 అడుగుల రోడ్డు ఉండాలి. గ్రామకంఠం లాంటి పాత నివాస ప్రాంతాలకు కొంత సడలింపు ఇచ్చారు: 6 మీటర్ల దారి చాలు. అది కూడా లేకపోతే సందు మధ్య గీత నుంచి 3 మీటర్లు వదిలి కట్టుకోవాలి.

కాగితం మీద సబబుగానే ఉంది. సందులోకి దిగి చూడాలి. సందు వెడల్పు 8 అడుగులు. మధ్య గీత నుంచి గోడ దాకా 4 అడుగులు. రూలు ప్రకారం మధ్య నుంచి దాదాపు 10 అడుగులు వదలాలంటే ఇంటి స్థలంలోంచి 6 అడుగుల పట్టీ పోవాలి. ముఖం 20 అడుగులు, లోతు 27 అడుగులున్న 60 గజాల ఇంటికి అది 13 గజాలకు పైనే, అయిదో వంతు. కొత్తగా కట్టినవాడు మాత్రమే వెనక్కి జరుగుతాడు. పక్కవాడి పాత గోడ ముందుకే ఉంటుంది. పదిహేనేళ్ళు గడిచినా సందు వంకరటింకరగానే మిగులుతుంది, 8 అడుగుల పైచిలుకు వెడల్పున్న ఫైరింజన్ లోపలికి రాదు. స్థలం పోతుందన్న భయంతో అనుమతి అడగకుండా కట్టేవాళ్ళు కొందరు, కట్టడమే మానేసేవాళ్ళు మరికొందరు. రోడ్డుకు వదిలిన స్థలానికి బదులుగా టీడీఆర్ పత్రం ఇస్తారు. దాన్ని వేరేచోట అదనపు అంతస్తు కట్టుకోవడానికి వాడవచ్చు, లేదా బిల్డరుకు అమ్ముకోవచ్చు. అయితే 13 గజాల టీడీఆర్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక, ఆ స్థలం తనదేనని చూపే కాగితం పాత ఊరి మనిషికి ఎక్కడివి?

వీటన్నిటికన్నా ముందు చూడవలసినది, పాలకులూ ఇంజినీర్లూ తక్కువగా చూసేది మట్టం. నేల ఎత్తు. ఊళ్ళో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డును తవ్వి తీయరు, దాని మీదే వేస్తారు. ఒక్కో పొర నాలుగు నుంచి ఆరు అంగుళాలు. మూడు పొరలయ్యేసరికి రోడ్డు అడుగు పైకి లేస్తుంది. ఇల్లు కట్టినప్పుడు రెండు మెట్లు ఎక్కి వెళ్ళే గడప ఇప్పుడు రోడ్డుతో సమానం, ఇంకొన్ని చోట్ల రోడ్డు కన్నా కింద. అరుగు సగం సిమెంటులో మునిగింది. గడప ముందు ఇటుకలు పేర్చి సిమెంటు పూసి చిన్న కట్ట కట్టుకున్న ఇళ్ళు ఏ పాత ఊళ్ళోనైనా వరసగా కనిపిస్తాయి. ఆ కట్టలు మన రోడ్ల తీరు మీద జనం రాసిన ఫిర్యాదులు. వాన వస్తే ‘నీళ్ళు యాడికి పోవాలె’ అని ఆ ఇళ్ళ ఆడవాళ్ళు అడిగే ప్రశ్నలో ఇంజినీరింగ్ అంతా ఉంది.

ఒక చిన్న లెక్క. 100 గజాలంటే 83.6 చదరపు మీటర్లు. దాని మీద ఒక సెంటీమీటరు వాన పడితే 836 లీటర్లు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది, హయత్‌నగర్‌లో దాదాపు 30. అంబర్‌పేట్ ఈ రెంటికీ పొరుగే. 30 సెంటీమీటర్లంటే 100 గజాల ఇంటి మీద ఒక్క రోజులో 25 వేల లీటర్లు, అయిదు పెద్ద నీళ్ళ ట్యాంకర్లు. చేనుగా ఉన్నప్పుడు ఆ నీటిలో కొంత ఇంకేది, మిగిలినది మెల్లగా కుంటలోకి జారేది. పైకప్పు, సిమెంటు రోడ్డు అయ్యాక నూటికి తొంభై వంతులు వెంటనే పరుగెత్తుతుంది. వెంచర్ వేసేవాళ్ళు మట్టి పోసి నేల ఎత్తు పెంచుతారు. పాత ఊరు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. నీరు పల్లమెరుగు అన్నది మనవాళ్ళ మాటే. తెలంగాణ గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ ఆ మాట మీదే నిలబడింది: పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. మధ్యలో ఒక్క కాలువ మీద ప్లాట్లు పడితే ఆ నీరు ఊరి సందులనే కాలువ చేసుకుంటుంది. 25 ఎకరాలకు పైబడిన చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీగా వదలాలన్న నిబంధన అందుకే పెట్టారు. ఔటర్ దాకా చెరువులు, నాలాలు కాపాడటానికి 2024 జులైలో హైడ్రా అనే సంస్థ ఏర్పాటైంది.

ఈ మట్టం లెక్కను తలకిందులు చేసి ఒక నగరాన్ని బాగుచేసిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1980ల చివర్లో ఇందౌర్‌లో హిమాంశు పారిఖ్ అనే ఇంజినీరు మురికివాడల పటాన్ని, నగరంలో వాన నీరు పారే దారుల పటాన్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. రెండూ ఇంచుమించు ఒకే చోట ఉన్నాయి. పేదలకు మిగిలేది పల్లపు నేలే కదా. పల్లపు నేల అంటే డ్రైనేజీ గొట్టాలు పంపు అవసరం లేకుండా సాగగల దారి కూడా. ఆ వాడల గుండానే నగరం మొత్తానికి మురుగు కాలువలు వేశారు. ఇళ్ళను కదపలేదు. సందుల్లో రోడ్డును ఇళ్ళ కన్నా కిందికి దించి, వాన నీటికి ఆ రోడ్డునే కాలువగా వాడారు. ఇంటికి విడి మరుగుదొడ్డి, మురుగు గొట్టం కనెక్షన్ వచ్చాయి. ఆ తర్వాత జనం తమ డబ్బుతోనే ఇళ్ళు బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. 1998లో ఈ పనికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం దక్కింది. ప్రభుత్వం ఇల్లు కట్టివ్వకపోయినా, నేల కింద పని సరిగా చేస్తే నేల మీద పని జనమే చేసుకుంటారని అక్కడ తేలింది. నా మటుకు నాకు పాత ఊళ్ళ విషయంలో ఇంతకన్నా విలువైన పాఠం కనబడలేదు.

హైదరాబాద్‌కు సొంత పాఠాలూ ఉన్నాయి. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఊళ్ళో పని చేపట్టింది. నాంపల్లి, మొఘల్‌పురా లాంటి ఇరుకు వాడల్లో గాలి, వెలుతురు వచ్చే ఇళ్ళు కట్టించి, డ్రైనేజీ, రోడ్లు వేసింది. పత్తర్‌గట్టీలో చార్మినార్ దారిని వెడల్పు చేసి రెండు పక్కలా రాతి కమానుల దుకాణాలు కట్టించింది. 1935లో మొజంజాహీ మార్కెట్ కట్టించింది. వాడ ముంపుకు మందు వాడలో లేదు, ఎగువన ఉందని వాళ్ళకు తెలుసు. ఇరుకు వాడలను కూల్చి మళ్ళీ కట్టడం ఆ బోర్డు పద్ధతి. అక్కడున్నవాళ్ళంతా తిరిగి అదే చోటికి వచ్చారా అన్న ప్రశ్న అలాంటి ప్రతి పథకానికీ వేయవలసినదే.

అదే కాలంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన పాట్రిక్ గెడ్డెస్ మన దేశంలో ఊరూరా తిరిగి వేరే మాట చెప్పారు. 1915లో తంజావూరు లాంటి మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల గురించి నివేదికలు రాశారు. ఇంజినీర్లు పటం మీద స్కేలుతో గీసిన తిన్నని కొత్త రోడ్లు అక్కర్లేదన్నారు. ఉన్న సందులే ఉంచి, పాడుబడిన ఇల్లు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ తీసేసి, ఆ ఖాళీలో చెట్టు పెట్టి, బావిని బాగుచేస్తే గాలీ వెలుతురూ వస్తాయి, ఖర్చూ చాలా తగ్గుతుంది, ఎవరూ ఊరు విడవనక్కర్లేదు. తాళం పడిన ఇళ్ళున్న మన పాత ఊళ్ళకు ఇది అచ్చంగా సరిపోయే పద్ధతి. గెడ్డెస్ మాట వినకుండా వాడలకు వాడలే తుడిచిపెట్టిన అమెరికాలో ఏమైందో ప్రపంచం చూసింది. సెయింట్ లూయిస్ నగరంలో పాత బస్తీ తీసేసి 1950ల్లో కట్టిన ప్రూయిట్ ఐగో అనే 33 ఎత్తైన భవనాల కాలనీని 1972 నుంచి ప్రభుత్వమే పేల్చి కూల్చవలసి వచ్చింది.

హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ 1967లో మొదలుపెట్టిన పట్టణ సముదాయాభివృద్ధి పథకం గెడ్డెస్ చెప్పిన దారిలోనే నడిచింది. బస్తీ ఉన్నచోటే ఉంటుంది, ముందు పట్టా, తర్వాత అప్పు, ఇల్లు ఎలా ఉండాలో కట్టుకునేవాళ్ళ ఇష్టం. తర్వాతి కాలంలో యూనిసెఫ్, బ్రిటన్ సాయం అందాయి. పట్టా చేతికొచ్చిన కుటుంబం ఇటుక మీద ఇటుక పేర్చుకోవడానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టా ముందు, ఇల్లు తర్వాత. ఈ వరసను ఇప్పటి పథకాలు తరచుగా మరచిపోతున్నాయి.

అంబర్‌పేట్‌కు ఇంకో కష్టం ఉంది, అది హైవే. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పట్టణ రూపకల్పన ఆచార్యుడు 1969 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కన ఉన్న మూడు వీధులను పోల్చి చూశారు. రోజుకు 2 వేల వాహనాలు తిరిగే వీధిలో ఒక్కో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు. 16 వేలు తిరిగే వీధిలో ఒక్కరు కూడా సరిగా లేరు. వీధులు చూడటానికి ఇంచుమించు ఒకటే తీరువి. పెద్ద తేడా వాహనాలదే. రోడ్డు వెడల్పయిన కొద్దీ అవతలి పక్కనున్న బడి, గుడి, కిరాణా కొట్టు దూరమవుతాయి. జాతీయ రహదారిని విస్తరించేటప్పుడు కారు ఎన్ని నిమిషాల్లో దాటుతుందని లెక్కిస్తారు. చేతిలో సంచి పట్టుకున్న ముసలామె రోడ్డు దాటడానికి ఎంతసేపు పడుతుందో కూడా లెక్కించాలి. నడిచేవాళ్ళకు కింది నుంచి దారి, బస్సు ఆగే చోట నీడ, ఇవి పాత ఊరికి ప్రాణవాయువు.

నేల వినియోగం అన్నప్పుడు మనకు మాస్టర్ ప్లాన్ రంగులు గుర్తొస్తాయి. 2013లో అమల్లోకి వచ్చిన హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) 2031 ప్లాన్ వేల చదరపు కిలోమీటర్లకు గీసింది. అంత పెద్ద పటంలో ఒక పాత ఊరు చిన్న రంగు మచ్చ. అందులో ఏ సందు ఎటు వాలిందో, ఏ ఇల్లు ఖాళీగా ఉందో, బావి ఎక్కడుందో ఉండవు. ఊరికి ఊరంత పటం వేరే కావాలి. ఆ పటంలో నివాసం ఒక రంగు, వ్యాపారం ఇంకో రంగు అని విడదీస్తే ఊరు చచ్చిపోతుంది. కింద టైలర్ దుకాణం, మీద ఇల్లు ఉన్న వీధిలో పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరి కళ్ళు వీధి మీద ఉంటాయి. అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో నగరాలకు చెప్పిన ఈ విషయం అరుగుల మీద పెరిగిన మనకు కొత్త కాదు.

సందులు వెడల్పు చేయక తప్పని చోట భుజ్‌ను చూడవచ్చు. 2001 జనవరి 26 భూకంపంలో కూలిన ఆ పాత పట్టణాన్ని మళ్ళీ కట్టేటప్పుడు గుజరాత్ ప్రభుత్వం వీధి మొత్తాన్నీ ఒకేసారి తీసుకుని హద్దులు మార్చింది. 30 చదరపు మీటర్ల లోపు స్థలం నుంచి ఒక్క గజం తీసుకోలేదు. స్థలం పెద్దదైన కొద్దీ కోత పెరిగి 35 శాతం దాకా వెళ్ళింది. అందరూ కాస్త కాస్త ఇచ్చారు, అందరి గుమ్మం ముందుకూ రోడ్డు వచ్చింది. ఎవరి ఇంటికి వారు 3 మీటర్లు వదలమనే మన రూలు కన్నా ఇది న్యాయమైనది, త్వరగా అయ్యేది. అన్నదమ్ముల వాటాలు తేల్చుకోవడానికి కూడా అదే సమయం.

ఉమ్మడి స్థలం ఒక్కటి తిరిగొస్తే వాడ ముఖమే మారుతుందని సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్ చూపించింది. నాగన్నకుంట అని పిలిచే 17వ శతాబ్దపు మెట్లబావి దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయి ఉండేది. పూడిక తీసి, మెట్లు సరిచేసి, 2022 డిసెంబర్ 5న తెరిచారు. ఇప్పుడు జనం దాన్ని చూడటానికే ఆ వాడకు వస్తున్నారు.

ఇవన్నీ చేయడానికి డబ్బెక్కడిది అంటారు. వెంచర్ వేసినవాళ్ళు నూటికి పది గజాలు ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. వదలని అక్రమ లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్ళ నుంచి 2020 లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కింద ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుము కట్టించుకునే ఏర్పాటు చేశారు. క్రమబద్ధీకరణ డబ్బును విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాంత సదుపాయాలకే వాడాలని నిబంధన. పాత ఊరి మీదుగా పారుతున్న నీళ్ళు ఆ లేఅవుట్లవే కాబట్టి పాత ఊరి డ్రైనేజీకి ఆ డబ్బు మీద అందరికన్నా ముందు హక్కుంది.

మీ ఊరు అంబర్‌పేట్ అయినా, ఔటర్ పక్కన ఇంకేదైనా, వచ్చే వార్డు సమావేశంలో ఎల్‌ఆర్‌ఎస్ ఖాతా లెక్క చదవమని అడగండి. కొత్త సిమెంటు రోడ్డు మంజూరైతే టెండరులో పాత పొర తవ్వి తీసే ఖర్చు ఉందో లేదో చూడండి. లేకపోతే పని మొదలుకాక ముందే ఆపించి, ఇళ్ళ గడప మట్టం ముందు కొలవమని రాతపూర్వకంగా ఇవ్వండి.